పదో చెయ్యి

వహ్రామ్ నోటికి, ఆర్మేనియన్లు ఎక్కువగా ఉండే గ్లెండేల్‌లో సగం ఊరు జడిసేది. ఆయనది బూట్లు బాగుచేసే దుకాణం. తెగిన బూటు ఇచ్చి పోదామని వచ్చినవాడు ఈమధ్య చూసిన సినిమా పేరు ఎత్తాడో, ఇక వాడి పని అయిందే.

“అదీ ఒక సినిమానా?” అనేవాడు నోట్లో మేకులు పెట్టుకునే. “చీకట్లో తీస్తారు, కనబడదు. గొణుగుతారు, వినబడదు. ఆ పిల్ల అడవంతా పరిగెత్తిందిగా, బూటు మడమ చూశావా? ఇవాళే కొన్నట్టుంది. మూడు గంటలు కూర్చోబెట్టి మిగతాది వచ్చే ఏడు చూడమంటారు. నేను నీ బూటు సగం కుట్టి, మిగతా సగానికి వచ్చే ఏడు రమ్మంటే ఊరుకుంటావా?”

ఆయన కూతురు నజేలి సినిమా ఎడిటింగు గదిలో సహాయకురాలు. ఆ సంగతి కూడా కనబడినవాడికల్లా చెప్పేవాడు. అలాంటి మనిషి ఆ శనివారం మధ్యాహ్నం ఒక చిన్న అబద్ధం ఆడాడు.

బజారులో కాగితాల అట్ట పట్టుకుని నిలబడ్డ అమ్మాయి ఆయన్ను ఆపింది. “ఇంకా విడుదల కాని సినిమా సార్, ఊరికే చూపిస్తాం. పేరు మాత్రం ముందు చెప్పం. చూసి మీ అభిప్రాయం చెబితే చాలు. మీ ఇంట్లో సినిమాల్లో పనిచేసేవాళ్లు ఎవరూ లేరుగా?”

ఉన్నారంటే రానివ్వరు. ఊరికే చూపించే సినిమా, పైగా అభిప్రాయం చెప్పమని అడుగుతున్నారాయె. వహ్రామ్‌కి అంతకన్నా ఏం కావాలి? “ఎవరూ లేరమ్మా, బూట్లు కుట్టుకునేవాణ్ణి” అని చెప్పి, కాగితం మీద సంతకం గీకేశాడు.

హాలు గుమ్మంలోనే అందరి ఫోన్లూ సంచుల్లో వేసి మూతి బిగించారు. సీట్లో సర్దుకుని, జనం ఎంతమంది వచ్చారోనని వెనక్కి తిరిగాడు. ఆఖరి వరసకు తాడు కట్టి, సినిమా తీసినవాళ్లను కూర్చోబెట్టారు. ఆ తాడు అవతల, ఒళ్లో పుస్తకం పెట్టుకుని నజేలి కూర్చుని ఉంది.

కూతురు కూడా ఆయన్ను చూసింది. ముఖం పాలిపోయి, వెంటనే తల దించుకుంది.

కన్నతండ్రిని జనంలో కూర్చోబెట్టి మార్కులు వేయించుకుంటోందని అనరూ? తెల్లారేసరికి పిల్ల ఉద్యోగం ఊడుతుంది. పోనీ లేచిపోదామా అంటే, మధ్యలో వెళ్లిపోయినవాళ్లను తలుపు దగ్గర ఒకడు లెక్క రాసుకుంటున్నాడు. లేచిన ప్రతివాడూ సినిమాకు ఒక మచ్చేనని నజేలే ఒకసారి చెప్పింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చాలదన్నట్టు భోజనం తర్వాత తాగిన రెండు కప్పుల కాఫీ పొత్తికడుపులో తొందరపెట్టసాగింది. అలాగే బిగబట్టుకుని కూర్చున్నాడు.

సినిమా ఏమో బాగుంది. తప్పిపోయిన అక్కను వెతుక్కుంటూ ఉప్పుగనుల ఊరికి వెళ్లిన చెల్లెలి కథ. మనుషులు కనబడ్డారు, మాటలు వినబడ్డాయి, ఆ పిల్ల బూట్లకు ఉప్పు కూడా అంటింది. అక్క దొరికింది. హమ్మయ్య, అయిపోయిందనుకున్నాడు. అవలేదు. కోర్టు వచ్చింది, పెళ్లి వచ్చింది, సమాధి దగ్గర ఉపన్యాసం వచ్చింది, ఆపైన ఎవడో వచ్చి తలుపు కొట్టాడు. మన ఆర్మేనియన్లు వెళ్లొస్తామని లేచి, గుమ్మంలో గంటసేపు కబుర్లు చెప్పినట్టుంది. ఆయన నాలుక దురద పెట్టింది.

దీపాలు వెలిగాక బయటపడదామని చూస్తే, బజారులో కనిపించిన అమ్మాయే అడ్డం వచ్చింది. “మీరు ఉండాలి సార్. ఇరవైమందిని ఆపుతున్నాం, కాస్త మాట్లాడతారు.”

“నాకు అర్జెంటు పని ఉంది తల్లీ.”

“బాత్రూమేగా? వెళ్లిరండి, మీ కుర్చీ ఉంచుతాను. మీ అంత శ్రద్ధగా చూసినవాళ్లు లేరు.”

తిరిగొచ్చి ఇరవైమందిలో ఒకడిగా కూర్చున్నాడు. ఎదురుగా నిలబడ్డ పొడుగాటి మనిషి అవీ ఇవీ అడిగి, “చివర్లో సాగిందనిపించినవాళ్లు చేతులెత్తండి” అన్నాడు.

ముప్పై ఏళ్లుగా ఎవరూ అడగకుండానే లేచే చెయ్యి అది. వహ్రామ్ దాన్ని తొడ కిందికి తోసి, దాని మీదే కూర్చున్నాడు. సినిమాకు చెడ్డపేరు వస్తే పిల్లకు చెడ్డపేరు.

“మీరేమంటారు సార్?”

“అంతా బాగుంది.”

“చివర కూడానా?”

“చివర ఇంకా బాగుంది. ఒక్క ముక్క కూడా తియ్యక్కర్లేదు.”

ఆ మాట అన్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. వెనక్కి తిరిగి కూతురి ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

సాయంత్రం పెరుగు సూపు కాచి, కాలుగాలిన పిల్లిలా వంటింట్లో తిరుగుతుంటే నజేలి వచ్చింది.

“ఉద్యోగం ఉందా?” అన్నాడు, ఆమె సంచి కింద పెట్టకముందే.

“ఉంది. ఎవరికీ తెలియలేదు.”

వహ్రామ్ కుర్చీలో కూలబడ్డాడు. “చూశావా, ఎలా నోరు మూసుకున్నానో. నీ కోసమే.”

నజేలి గిన్నె ముందు కూర్చుంది గాని చెంచా ముట్టుకోలేదు. “ఆ చివరిదంతా తీసెయ్యండని ఆరు నెలలుగా పోరుతున్నాను నాన్నా. వేరే ముగింపు నేనే కట్ చేసి పెట్టాను. ఇవాళ ఇరవైమందిలో సగం మంది సాగిందంటే నాదే పెడతామన్నారు. ఎడిటర్‌గా నా పేరు కూడా వేస్తామన్నారు.”

“ఎంతమంది ఎత్తారు?”

“తొమ్మిది.”

వహ్రామ్ తన కుడిచేతి వంక చూసుకున్నాడు.

“నిన్ను హాల్లో చూసి చచ్చినంత పనయింది” అంది నజేలి. “ఆ ఇరవైమందిలో కూర్చున్నావని చూశాక మాత్రం ధైర్యం వచ్చింది. ఎవరు ఎత్తకపోయినా మా నాన్న ఎత్తుతాడనుకున్నాను.”

“నీ ముగింపు ఏంటమ్మా?” అన్నాడు వహ్రామ్.

“అక్క దొరుకుతుంది. వంగి బూటు తాళ్లు కట్టుకుంటుంది. ఇద్దరూ తలుపు తీసుకుని వెళ్లిపోతారు. అంతే.”

వహ్రామ్ కళ్లు మూసుకుని ఆ తలుపు తెరుచుకోవడం చూశాడు. “అదే సరైన ముగింపు” అన్నాడు.

నజేలి చెంచా అందుకుంది.

“ఆ మాట అక్కడ అనాల్సింది నాన్నా.”