పరిశీలనలో ఉంది

చాకు మొనతో రబ్బరు ముక్క మీద చివరి అక్షరం చెక్కి, ఎగ్బర్ట్ నోవాక్ పొట్టు ఊదాడు. సిరా అద్ది కార్డు మీద నొక్కితే అచ్చం సర్కారు ముద్రే: ‘పరిశీలనలో ఉంది.’ బడిలో బాయిలరుకి బొగ్గు వేసే చేతులవి. గోళ్ళలో నలుపు ఎన్నటికీ పోదు.

తల్లి హెడ్విగ్‌ది గుండె జబ్బు. నాలుగో అంతస్తు కాపురం. ఇంటికి టెలిఫోను కావాలని పదకొండేళ్ళ క్రితం అర్జీ పెడితే, ఏటా ఆ ముద్రే జవాబు. విసిగి, అతను కార్డుల మీద, ఎండుటాకుల మీద, రొట్టె ముక్కల మీద, చిరిగిన మేజోళ్ళ మీద అదే ముద్ర వేసి బుడాపెస్టుకీ సావో పాలోకీ, తనలాంటి చిత్రకారులకు పోస్టు చేశాడు. వాళ్ళు తమ బొమ్మలు చేర్చి అతని ఊరు డ్రెస్డెన్‌లోని టెలిఫోన్ల ఆఫీసుకి పంపారు.

ఇవాళ పదింటికి హాజరు కమ్మని రహస్య పోలీసుల నుంచి చీటీ వచ్చింది.

“నిన్ను లోపలేస్తే నాకు బొగ్గెవడు మోస్తాడ్రా? వెధవ బొమ్మలూ నువ్వూ!” అంది తల్లి.

“ఊరికే అడుగుతారంతేనమ్మా. పన్నెండుకి మందు వేళకి వచ్చేస్తా.”

పోలీసు ఆఫీసు గదిలో అధికారి ఆ కార్డులు పేకముక్కల్లా పరిచాడు.

“బ్రెజిల్లో మీకు చుట్టాలున్నారా, నోవాక్ గారూ?”

“లేరండీ.”

“మరి మీ అమ్మగారి గుండె సంగతి వాళ్ళకెందుకు? రెండొందల పన్నెండు కార్డులు! ఏమిటిది?”

“అర్జీ అండీ.”

“అర్జీ పరిశీలనలోనే ఉంది కదా!”

ఎగ్బర్ట్ నవ్వు ఆపుకుని తల పక్కకి తిప్పాడు. గోడ గడియారంలో పన్నెండు దాటింది. “మందు వెయ్యాలండీ, అమ్మ ఒక్కతే ఉంది” అని మూడుసార్లు అడిగాడు. అధికారి అది కూడా రాసుకున్నాడు. చివరికి, ఇకమీదట కార్డులు పంపనని సంతకం పెట్టాడు. వదిలేసరికి నాలుగైంది.

మెట్లు రెండేసి ఎక్కాడు. మూడో అంతస్తు లోటె పిన్ని తలుపు దగ్గరే నిలబడి ఉంది.

“ఒంటిగంటకి కుర్చీ పడ్డ చప్పుడైంది నాయనా. వీధి చివర ఫోను పెట్టె దాకా పరుగెత్తాను. అది పనిచెయ్యలేదు. వచ్చేసరికి...” అని అతని చేయి పట్టుకుంది.

తల్లిని మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి గడ్డం దాకా కప్పి ఉంచారు. అతను చాలాసేపు ఆమె పాదాల దగ్గర కూర్చున్నాడు. తర్వాత వంటగదిలోకి వెళ్ళాడు.

బల్ల మీద ఒక కార్డు ఉంది. దాని మీద నీలం సిరాతో, తిరగబడిన అక్షరాల్లో ‘అత్యవసరం’ అని పడింది. పక్కన, ఆమె కూరల కత్తితో చెక్కిన సగం బంగాళాదుంప, సిరా ఆరిపోయి, అంచుల్లో నల్లబడుతూ.