సలోమి సిస్టర్ మణికట్టు మీద

నేను ఒక చేతిగడియారాన్ని. కీ ఇస్తే నడిచే పాతకాలపు దాన్ని. ఫ్యాక్టరీలో నన్ను బిగించినవాళ్లు ఏ పెళ్లికొడుకు చేతికో వెళ్తాననుకున్నారేమో, నేను చేరింది ఆసుపత్రికి. మొదట నన్ను కొనుక్కున్నది హెడ్ నర్సు కరుణమ్మగారు. రిటైరైన రోజున ఆవిడే నన్ను విప్పి, కొత్తగా చేరిన సలోమి చేతికి పెట్టారు. "నాడి చూడ్డానికి సెకన్ల ముల్లు కావాలమ్మా, ఉంచుకో" అన్నారు.

మనుషులు నన్ను టైము కోసమే చూస్తారు. తమ నాడి నా వీపుకి తగులుతూ ఉంటుందని వాళ్లకి తట్టదు.

ఆ ఉదయం సలోమి నూకరాజుకి రక్తం తీస్తోంది. సముద్రం మీద వేటకెళ్లే మనిషి, ఎయిడ్స్‌తో చిక్కి శల్యమయ్యాడు. జ్వరం కలవరింతలో ఒక్కసారిగా చెయ్యి విదిలించాడు. ఊడొచ్చిన సూది సలోమి బొటనవేల్లో దిగింది. గ్లౌజు లోపల ఎర్రటి చుక్క. నా కింద నాడి ఉరకలెత్తింది.

కుళాయి కింద వేలు పెట్టి గట్టిగా పిండుతోంటే డాక్టర్ వాసంతిగారు పరుగున వచ్చారు.

"పిండకూడదు సలోమీ! సబ్బుతో కడుగు, చాలు. వైరస్ అంటకుండా మాత్రలు ఇప్పుడే మొదలుపెడదాం. చాలామందికి ఏమీ కాదు."

"పాపకి ఏడో నెల మేడమ్. పాలిస్తున్నాను."

డాక్టరుగారు ఆమె భుజం మీద చెయ్యి వేశారు. "మూడు నెలలు, పరీక్షలన్నీ అయ్యేదాకా ఆపెయ్యమ్మా" అన్నారు మెల్లగా.

వార్డులో అందరూ "ఏం కాదులే" అన్నారు. అన్నవాళ్లే భోజనాల దగ్గర క్యారియర్లు కాస్త జరుపుకుని కూర్చున్నారు.

ఇంట్లో భర్త ఆనందరావు డబ్బాపాలు కలిపేవాడు. పాప సీసా నెట్టేసి, ఏడ్చి ఏడ్చి తల్లి జాకెట్టు లాగేది. సలోమి బాత్రూములో తలుపేసుకుని పాలు పిండి పారబోసేది. మాత్రలకి కడుపులో తిప్పి, అక్కడే వాంతి చేసుకునేది. కొన్నాళ్లకి పిండడానికి పాలు లేకుండా పోయాయి.

తెలివొచ్చిన నూకరాజుకి సంగతి ఎవరో చెప్పారు.

"నా జబ్బు నీకంటిందా తల్లీ?"

"లేదు బాబూ, నాకేం కాలేదు" అంది సలోమి. అప్పటికి అది ఆమెకీ తెలియదు. అతను నమ్మలేదు. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. ఆమె ఆఖరి పరీక్షకి ముందే పోయాడు.

ఆ పరీక్షలోనూ ఏమీ లేదని తేలింది. వాసంతిగారు ఆమెని కౌగలించుకున్నారు. సలోమి చెప్పులు కూడా విప్పకుండా ఇంట్లోకి పరుగెత్తి, పాపని ఒళ్లోకి తీసుకుని, జాకెట్టు గుండీలు విప్పింది. "పట్టు తల్లీ... నోట్లో పెట్టుకుంటే మళ్లీ పడతాయి."

పాప ఆ రొమ్ము వైపు వింతగా చూసింది. తల్లి ముఖంలోకి చూసి, పక్కింటావిడని చూసి నవ్వినట్టు నవ్వింది. సీసా కోసం తండ్రి వైపు చెయ్యి చాపింది.

"పోనీలే సలోమీ," అన్నాడు ఆనందరావు. "నువ్వు మాకు దక్కావు."

"అవునండీ" అంది.

సీసా సలోమే అందుకుని పాపకి పట్టింది. పాప గుటకలేస్తూ నిద్రపోయింది. సీసా ఖాళీ అయినా సలోమి ఆ చెయ్యి దించలేదు, గుండీలు పెట్టుకోలేదు.