నూట ఎనభై గ్రాములు

మైదానంలోని తూకం యంత్రం అబద్ధాలకోరు. ఈ సంగతి లేత్ మేస్త్రి ఎప్పుడో తేల్చేశాడు. దీనిమీద అప్పీలు లేదు.

నలభై ఏళ్ళు లేత్ మీద ఇనుము చెక్కిన మనిషి. తూకం తప్పిందని ఆయన సరుకు ఒక్కసారీ వెనక్కి రాలేదు. భార్య పోయి ఆరేళ్ళయింది. అందుకు ఇప్పటికీ ఆమెనే తప్పుపడతాడు. ఇంట్లో కష్టమైన మాటలన్నీ ఆవిడ శాఖ. శాఖను గాలికొదిలేసి ముందే జారుకుంది. కాబట్టి కూతురు ఒకనాడు కంచం ముందు కూర్చుని, "నాన్నా, నేను ఆడపిల్లను కాదు, ఎప్పుడూ కాను" అన్నప్పుడు బదులు చెప్పడానికి ఆయన తప్ప ఎవరూ లేకపోయారు.

ఆయన నోట్లో ముద్ద నమిలి మింగాడు.

"పోటీల్లో గుండు విసరడం మానేస్తావా?"

"మానను."

"అయితే ఆ నీళ్ళ చెంబు ఇటు జరుపు."

చిన్నప్పటినుంచీ ముద్దుకి 'ఏరా' అనే పిలిచేవాడు. పిలుపు మార్చుకునే పని తప్పింది. మేస్త్రికి కలిసొచ్చింది అదొక్కటే.

కొడుకు వెంటనే మందు మొదలుపెట్టలేదు. మగ హార్మోన్ సూది వేయించుకుంటే ఆడవాళ్ళ షాట్‌పుట్‌లో ఆడనివ్వరు. అద్దంలో మొహం నచ్చకపోయినా చేతిలో గుండు నచ్చింది. పదహారో ఏట తండ్రి చేసిచ్చిన నాలుగు కేజీల గుండు అది. దానికోసం రెండేళ్ళు పళ్ళు బిగబట్టాడు. చివరి పోటీలో మూడో స్థానం తెచ్చుకుని మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

"మేస్త్రీ, మీ పిల్ల కాస్తా పిల్లాడయ్యాడట?" అన్నాడు పక్క షెడ్డులో వెల్డింగువాడు.

"ముందు నీ పిల్లలు మనుషులవనీ. అప్పుడు పోల్చుకుందాం."

ఏడాదిన్నర తర్వాత కొడుకు మగవాళ్ళ గుండు పట్టాడు. ఏడు కేజీల రెండువందల అరవై గ్రాములు. పోటీలో పదకొండు మీటర్లు దాటితేనే మగవాళ్ళ జట్టులో చోటు అన్నాడు క్లబ్బు కోచ్. దాటకపోతే ఎటూ కాడు. ఆడవాళ్ళ జట్టుకి తిరిగి పోలేడు. నెల రోజులు క్లబ్బు గుండుతో సాధన చేసినా పది మీటర్ల దగ్గరే చతికిలబడింది. ఒక సాయంత్రం వచ్చి బూట్లు అటక మీదికి విసిరాడు. ఆ ఇంట్లో అటక ఎక్కిన వస్తువు మళ్ళీ దిగిన చరిత్ర లేదు.

మేస్త్రి షెడ్డుకి వెళ్ళి కొత్త గుండు చేశాడు. ఇనుము లోపల బోలు తొలిచి, సీసం కరిగించి పోసి, మూత బిగించి నున్నగా తిప్పాడు. సీసం కాస్త తక్కువ పోశాడు. కాస్తంటే నూట ఎనభై గ్రాములు. ఆలోచించే పోశాడు.

"సరిగ్గా మగవాళ్ళ తూకం. ఇంటి సాధనకే. పోటీలో మైదానం వాళ్ళ గుండే వాడు," అన్నాడు.

వారం తిరక్కుండా గుండు పదకొండు దాటింది. బూట్లు అటక దిగాయి. పోటీ రోజున కొడుకు తండ్రి మాట వినలేదు. తండ్రి చేసిన గుండునే సంచీలో వేసుకొచ్చి తూకం బల్ల మీద పెట్టాడు.

"ఇది పనికిరాదు బాబూ. నూట ఎనభై తక్కువుంది," అంది బల్ల దగ్గరి ఆవిడ.

"మా నాన్న చేసింది. తక్కువుండదు. మళ్ళీ తూచండి."

మళ్ళీ తూచింది. అంతే. మేస్త్రి బెంచీ మీంచి లేచొచ్చాడు.

"మీ యంత్రం చెడిపోయింది."

"పొద్దున్నించి ఇరవై గుండ్లు తూచాను పెద్దాయనా. అన్నీ సరిగ్గానే వచ్చాయి."

"అయితే ఆ ఇరవై కూడా తప్పే."

కొడుకు తండ్రి మొహంలోకి చూశాడు. నాలుగు కేజీల గుండును ఈ బల్ల మీదే ఎన్నోసార్లు తూచారు. గ్రాము తేడా ఎన్నడూ లేదు.

"నేను విసరలేననుకున్నావా?"

"సీసం సరిగ్గా కరగలేదు."

"నాన్నా."

"పొయ్యి పాతది."

కొడుకు ఆ గుండును తండ్రి చేతిలో పెట్టి, మైదానం వాళ్ళ గుండు తీసుకుని వెళ్ళిపోయాడు.

మొదటి విసురు పది అరవై రెండు. రెండోసారి ముందున్న చెక్క తొక్కాడు, లెక్కలోకి రాలేదు. మేస్త్రి ఒళ్ళో గుండు పెట్టుకుని బిగుసుకుపోయాడు. వెనక వరసలో ఎవడో పక్కవాడితో, "ఆడవాళ్ళలో మూడోస్థానం పోగొట్టుకుని మగవాళ్ళలో చిట్టచివరికొచ్చాడు. ఏం బావుకున్నట్టు?" అన్నాడు.

మేస్త్రి వెనక్కి తిరిగాడు. "నువ్వెంత దూరం విసురుతావు?"

"నేనా? చూడ్డానికొచ్చాను."

"అయితే కళ్ళతో చూడు. నోటితో కాదు."

మూడో విసురు. గుండు నేలలో దిగబడింది. టేపు పట్టినవాడు రెండుసార్లు వంగి చూసి చెప్పాడు. పదకొండు మీటర్ల నాలుగు సెంటీమీటర్లు.

తొమ్మిదిమందిలో తొమ్మిదోవాడు. ఎనిమిదోవాడికీ వీడికీ మధ్య గేదెను కట్టేయొచ్చు. అయినా కోచ్ జట్టు కాగితంలో వీడి పేరు రాసుకున్నాడు. కొడుకు మైదానం మధ్యలో నిలబడి పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు.

తిరుగు బస్సులో ఆ నవ్వు లేదు.

"ఎంత హాయిగా మోసపోయాను. వారం రోజులు నిద్రలో కూడా నవ్వుకున్నాను తెలుసా?"

మేస్త్రి కిటికీలోంచి బయటికి చూశాడు.

"నీ జాలి నాకొద్దు. రేపు మూత తీసి సీసం నిండా పొయ్."

మర్నాడు పోశాడు. ఏడు కేజీల రెండువందల అరవై. గ్రాము ఎక్కువ కాదు, తక్కువ కాదు. షెడ్డు వెనక ఖాళీ జాగాలో కొడుకు విసిరితే పది డెబ్బై పడింది. బూతులు తిట్టుకుంటూ వెళ్ళి తెచ్చుకుని మళ్ళీ విసిరాడు.

వెల్డింగువాడు గుమ్మంలో నిలబడి అడిగాడు.

"అది సరే మేస్త్రీ. నీ చేతి సరుకు తక్కువెలా తూగింది?"

"యంత్రం అబద్ధం చెప్పింది. ఇంక ఈ మాట నా దగ్గర ఎత్తకు."

వాడు ఎత్తలేదు. కొడుకూ ఎత్తలేదు. మేస్త్రి చచ్చేదాకా ఎత్తడు.