ఊఁ కొట్టినంతసేపు

దొరసాని పాదాలకు ఆముదం రాసేటప్పుడు మడమల దగ్గరే మొదలుపెట్టాలి. వేళ్ళ దగ్గర మొదలుపెడితే ఆమెకు గిలి పుడుతుంది, గిలి పుడితే నవ్వొస్తుంది, నవ్వితే వచ్చే నిద్ర కాస్తా ఎగిరిపోతుంది. ఆమెకు నిద్రపట్టకపోతే నేను ఇంటికి పోలేను. ఇంట్లో నాకు నాలుగు నెలల పిల్ల ఉంది. పొద్దున ఒక్కసారి పాలిచ్చి వచ్చానంటే, మళ్ళీ నేను పోయేదాకా దానికి మా అత్త పట్టే గంజినీళ్ళే దిక్కు.

మాది చాకలి ఇల్లు. ఇబ్రహీంపట్నం దొర గడిలో బట్టలుతకడం మా వెట్టి. తాతల కాలం నుంచీ ఉన్నదే, దానికి నేను కొత్తగా ఏడ్చింది లేదు. చెరువు రేవులో ఉతికి, ఆరేసి, మడతలు పెట్టి, మూట లోపల అప్పజెప్పి వస్తే నా పని అయిపోయేది. నిరుడు వానాకాలంలో బట్టలు ఆరక గడి వసారాలో కూర్చోవలసి వచ్చింది. అక్కడ పసుపు దంచుతున్న ముసలామెకు పొద్దుపోవాలని ఒక కథ ఎత్తుకున్నాను. రాక్షసుడు ఎత్తుకుపోయి స్తంభానికి కట్టేసిన రాకుమారి కథ. వినేవాళ్ళు ఊఁ కొట్టాలి, ఊఁ కొట్టినంతసేపు చెప్పేవాళ్ళు మధ్యలో లేవకూడదు, అది మాలో మర్యాద. ఊఁ వినిపిస్తూనే ఉంది, నేను చెప్పుకుంటూ పోయాను. చివరికి తలెత్తి చూస్తే ముసలామె రోకలి పట్టుకునే కునుకు తీస్తోంది. ఊఁ కొట్టింది తలుపు వెనక నిలబడ్డ దొరసాని వజ్రమ్మ. మర్నాటి నుంచి బట్టలతో పాటు కథ కూడా వెట్టిలో చేరింది, కథతో పాటు కాళ్ళు పిసకడమూ చేరింది.

"బట్టలియ్యపోయి నోరు గూడ ఇచ్చొచ్చినవా పిల్లా?" అంది మా అత్త మణెమ్మ. ఆ మాట అన్నదే గానీ, పెద్దరికం అడ్డం వేసుకుని గడికి పోయి కాదని చెప్పే ధైర్యం ఆమెకూ లేదు. నా మొగుడు యాదయ్యకైతే అసలది పనిలాగే కనిపించలేదు. "నీడపట్టున కూసొని నాలుగు ముచ్చట్లు చెప్పొస్తవ్, దానికి గూడ నడుము నొస్తదానే? నేను ఎండల గాడిదెంబడి తిరుగుతలేనా?" అన్నాడు. తిరుగుతున్నాడు, నిజమే. తిరిగొచ్చి కాళ్ళు చాపుకుంటాడు. నేను తిరిగొచ్చి జొన్నలు విసరాలి, గటక వండాలి, అతని తలకు నీళ్ళు తోడాలి. ఇంత చేశాక కూడా నేను రోజంతా నీడపట్టున కూర్చున్నదాన్నే.

పగటిపూట కథలు చెబితే మేనమామ దారి తప్పుతాడంటారు. మొదటి రోజున ఆ సాకే చెప్పి తప్పించుకోబోయాను. "నాకు మేనమామలు లేరు తీ," అంది దొరసాని, మెత్త సర్దుకుంటూ. నాకున్నాడు కదా అని నేనెలా అంటాను? నాకూ ఒక్కడే ఉండేవాడు, గోపయ్య మామ. గడివాళ్ళు మూట నెత్తిన పెట్టి యాచారం దాకా పంపితే మళ్ళీ ఊరి మొహం చూడలేదు. పగలు ఎవరూ కథ చెప్పకుండానే అతను దారి తప్పాడు, పోనీలే అనుకున్నాను.

వజ్రమ్మకు నా వయసే ఉంటుంది. నాకు తెలిసిన కథలు చాలా ఉన్నాయి, తెలివిగల చాకలిదీ, మాట్లాడే చేపదీ, ఏడుగురు అన్నల ముద్దుల చెల్లెలిదీ. ఏదీ ఆమెకు పట్టదు. కట్టేసిన ఆడదాని కథే కావాలి. మిగతా కథంతా కళ్ళు మూసుకుని, ఊఁ అనీ అనకుండా వింటుంది. రాకుమారిని కట్టే చోటు వచ్చేసరికి కళ్ళు తెరుస్తుంది. "చేతులు ముందటికి కట్టిండా, ఎనుకకు కట్టిండా?" అని అడుగుతుంది. "ఎన్ని సుట్లు తిప్పిండు? జుట్టు గూడ గుంజకు కట్టిండా?" ఆమె కాలివేళ్ళు నా అరచేతిలో ముడుచుకుంటాయి. ఊఁ కొట్టే గొంతు మారిపోతుంది. పెళ్ళయి పిల్లను కన్నదాన్ని, ఆ గొంతులో ఏముందో నాకు తెలియదని చెప్పను. ఎవరి సుఖం వాళ్ళది, దానికి నేను ఎవరిని? నా బాధల్లా ఒక్కటే. ఆ చోటు వచ్చిందంటే ఆమె నిద్ర చెడిపోతుంది, నేను మరో కథ మొదలుపెట్టాలి.

ఒకసారి నోరు జారాను. జనపతాడుతో కట్టాడు, మణికట్టు దగ్గర తోలు లేచింది, పుండు మీద ఈగలు వాలాయి అన్నాను. నేను కల్పించింది కాదది. దొర ధోవతి ఒకటి రేవులో కొట్టుకుపోయిన పాపానికి యాదయ్యను ఒక పగలంతా ఈ గడి ముందరి రాతిస్తంభానికే కట్టేశారు. ఆ మణికట్టుకు పసుపు అద్దింది నేనే. దొరసాని మొహం చిట్లించింది. "ఛీ, గవన్ని ఎందుకే? ఈగలేంది, పుండేంది! బంగారి గొలుసు అను. మెత్తగ పట్టులెక్క ఉన్నదను." అప్పటినుంచి నా కథల్లో తాళ్ళు లేవు. బంగారు గొలుసులు, పూలతీగలు, నాగుపాము చుట్లు. ఎంత గట్టిగా కట్టినా రాకుమారికి ఒళ్ళు కందదు, ఆకలేయదు, దొడ్డికి పోవలసిన పని పడదు. ఏడు సముద్రాలవతల ఒకడు గుర్రమెక్కుతాడు. వాడొచ్చి మంత్రం చదివితే గొలుసు దానంతటదే ఊడిపడుతుంది.

ఆమెకు అలాంటివే ఎందుకు తియ్యగా ఉంటాయో రాను రాను నాకు తెలిసింది. గడికి కోడలుగా వచ్చి పదేళ్ళయినా ఆమె ఊరి చెరువు చూడలేదు. ఎప్పుడన్నా పుట్టింటికి పోవాలన్నా బండికి చుట్టూ తెర కట్టేవారు. "చెరువు మస్తు పెద్దగుంటదానే నర్సీ? ఆ ఒడ్డు కనపడ్తదా?" అని నన్ను అడిగేది. కట్టేసి ఉన్న రాకుమారి కోసం లోకమంతా వెతుకుతుంది. వజ్రమ్మ కోసం ఎవడు వెతుకుతాడు? తెలిసి జాలిపడ్డాను కూడా. కానీ జాలిపడే తీరికెక్కడిది నాకు? అవి బట్ట దొరకని లడాయి రోజులు. నాకున్నది ఒక్క రవిక. మధ్యాహ్నం దాటగానే పాలు పొంగి అది తడిసిపోయేది, ఆరి అట్టలాగా గట్టిపడేది, మళ్ళీ తడిసేది. ఒకరోజు వంగి కాళ్ళు పిసుకుతుంటే ఆ తడి ఆమె పాదానికి తగిలింది. "జర జరుగు, అంటనియ్యకు," అంది. అని కాలు వెనక్కి తీసుకుని, నా కొంగుతోనే తుడుచుకుంది. తర్వాత "ఊఁ, చెప్పు," అంది.

పిల్ల చిక్కిపోతోంది. తొడల మీద తోలు వేలాడుతోంది. ఒకనాడు ఏడుపు ఆపలేక మా అత్త దాన్ని ఎత్తుకుని గడి దర్వాజా దాకా వచ్చింది. అక్కడ కాపలా ఉండే జంగా అనేవాడు లోపలికి రానివ్వలేదు. "దొర పండుకున్నడు, పిల్ల ఏడ్పుకు లేస్తే నా తోలు తీస్తడు" అన్నాడట. లోపల నేను చంద్రకాంతి అనే రాకుమారిని గంధపుచెట్టుకు కడుతున్నాను. ఏడుపు వినిపించిందా అంటే వినిపించింది. నా పిల్లదేనని తెలుసా అంటే తెలుసు. కథ ఆగింది. "ఊఁ?" అంది దొరసాని. "ఊఁ" అంటే లేవకూడదు. ఆ రాత్రి పిల్లను చూసిన మంత్రసాని బాలవ్వ మొహమాటం లేకుండా చెప్పింది. "ఇయ్యక ఇయ్యక పాలు ఎండిపోతయ్ బిడ్డా. ఎండినయంటే ఈ పిల్ల దక్కది."

తర్వాత నాలుగు రోజులకు దొరసాని తమ్ముడి పెళ్ళి కబురు వచ్చింది. పుట్టింటివాళ్ళు కోహెడ నుంచి బండి కూడా పంపారు. దొర ఆ బండిని దర్వాజా దగ్గరనుంచే తిప్పి పంపాడు. "నువ్వు పోకుంటే పెండ్లి ఆగుతదా? లోపలికి నడువు," అన్నాడు, పనివాళ్ళందరూ వింటుండగానే. ఆ మధ్యాహ్నం ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. నేను మడమల దగ్గర మొదలుపెట్టాను. నాగకన్య కథ ఎత్తుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"గవన్నీ అబద్దాలేనాయె. ఏ గొలుసు ఊడుతది? ఏ గుర్రమొస్తది? ఒక్కటి నిజమైంది చెప్పు. నీ కండ్లతోని చూసింది."

"నిజమైనవి మంచిగుండయ్ దొరసాని."

"ఉండకపోనీ. చెప్పు."

చెప్పాను. ఎక్కడిదో ధైర్యం కాదు, అలసట. అలసిపోయినవాళ్ళకు అబద్ధం కల్పించడం కూడా బరువే.

"ఒక ఊర్ల ఒక ఆడామె ఉన్నది."

"ఊఁ."

"ఆమెను ఒక ఇంట్ల కట్టేసిండ్రు."

"ఊఁ. ఏంతోని?"

"దేంతోనీ కట్టలే."

ఆమె ఇటువైపు తిరిగింది. "మరి లేచి పోరాదు?"

"పోరాదు. ఇంటికాడ చంటిపిల్ల ఉన్నది. పాలకు ఏడుస్తున్నది. ఈమెకు పాలొచ్చి రైక తడుస్తున్నది. లేచి పోతే ఆమె మొగన్ని స్తంభానికి కడ్తరు. అందుకని కూసుంటది. కాళ్ళు పిసుకుతది. ముచ్చట్లు చెప్తది."

ఊఁ ఆగింది. ఆమె నన్ను చూస్తోంది. రవికను, దాని మీద తెల్లగా అట్టకట్టిన మరకలను చూస్తోంది. అర్థమైంది, అర్థం కాకుండా ఎలా ఉంటుంది? తెలివితక్కువది కాదు వజ్రమ్మ. పో అంటుందనుకున్నాను. ఆ ఒక్క మాట ఆమె నోటి చివర దాకా వచ్చినట్టే అనిపించింది. ఆ మాట కోసం నా ఒళ్ళంతా చెవులు చేసుకుని కూర్చున్నాను.

"ఇది కథనా?" అంది చివరికి. "ఇండ్ల రాక్షసుడు ఏడీ?"

నేను ఆముదంలో వేళ్ళు ముంచుకున్నాను.

"ఒద్దు తీ," అంది, మళ్ళీ గోడవైపు తిరిగి. "బంగారి గొలుసుదే చెప్పు."

అలవాటున్న నోరు, చెప్పమంటే కదిలింది. అనగనగా ఒక రాజ్యం, ఊఁ, ఆ రాజ్యానికి ఒక రాకుమారి, ఊఁ, ఆమెను రాక్షసుడు ఎత్తుకుపోయాడు. ఏడు కోటల అవతల, వెండి స్తంభానికి, బంగారు గొలుసుతో కట్టాడు. చేతులు వెనక్కి కట్టాడు. మూడు చుట్లు తిప్పాడు. దొరసాని ఊఁ ఊఁ అంటూనే ఉంది, ఆ గొంతు మళ్ళీ మారింది, ఒక మనిషి ఎదుట కూర్చుని చెప్పిన నిజాన్ని ఈమె అంత తొందరగా కిందికి దించి పెట్టగలదా అనుకున్నాను. వసారా మీద పడే ఎండ గడప దాటింది. రోజూ ఆ వేళకు రవిక తడవాలి. రవిక వైపు చూసుకున్నాను. పొడిగా ఉంది. నూనె చెయ్యి కొంగుకు తుడుచుకుని, రొమ్ము మీద పెట్టి నొక్కి చూసుకున్నాను. నొప్పి లేదు, బరువు లేదు. రెండోవైపూ నొక్కాను. వేలికి అంటేంత తడి కూడా లేదు.

భయమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. యాదయ్యను స్తంభానికి కట్టిన రోజు కలిగింది భయం కాదు. అతన్ని మళ్ళీ కడతారేమో, కట్టనీ. పుండుకు పసుపు అద్దవచ్చు. నెల తిరిగేసరికి మానింది కదా. ఎండిన పాలకు అద్దడానికి ఏముంది? ఇంకా ఒక్కరోజు, ఇంకా ఒక్క కథ అని నేను కూర్చున్న ఒక్కో మధ్యాహ్నం నా పిల్ల తొడల మీది తోలయి వేలాడుతోంది. ఇప్పుడే పోయి దాని నోటికి అందిస్తే, దినమంతా చీకనిస్తే మళ్ళీ పడతాయేమో. బాలవ్వ ఎండినాయంటే దక్కదంది గానీ, ఎండుతుండగా లేచిపోతే ఏమవుతుందో చెప్పలేదు.

"ఊఁ," అంది దొరసాని.

ఆముదం గిన్నె గోడవారకు జరిపాను. మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచాను. గంటల తరబడి కూర్చున్న కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి, తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"ఊఁ?" అంది మళ్ళీ. అలికిడికి తల తిప్పి చూసి, చప్పున లేచి కూర్చుంది. "యాడికే?"

"ఇంటికి."

"దొరకు చెప్తే ఏమైతదో ఎర్కనా?"

"ఎర్కే దొరసాని."

ఆమె గొంతులో కోపం ఉంటుందనుకున్నాను. లేదు. చీకట్లో ఒక్కదాన్నే వదిలి పోతుంటే పిల్లలు అడిగేటట్టు అడిగింది. "నడిమిట్లనే పోతవా? ఆమెను గట్ల కట్టేసి పోతవా? మరి ఆమె కట్లు ఎవరిప్పుతరే?"

నేను అప్పటికే వసారాలో ఉన్నాను.

"మీరే ఇప్పుండ్రి," అన్నాను.