సి షిఫ్టు వారం

కుక్కర్ విజిల్ వేసేలోపు మంట తగ్గించడం గౌరీశ్వరి పెళ్ళయ్యాక నేర్చుకున్న విద్య. ఆవిరి బుసకొట్టడం మొదలై వెయిటు కాస్త పైకి లేవబోయేటప్పుడు చెయ్యి స్టవ్ మీద ఉండాలి. తొందరపడితే పప్పు ఉడకదు, ఆలస్యమైతే ఇల్లంతా కూత. సి షిఫ్టు వారంలో ఉక్కునగరంలోని ఆ క్వార్టరు మొత్తం నోరు కట్టేసుకుంటుంది. మొగుడు కన్నబాబు రాత్రంతా స్టీల్ ప్లాంటులో ఫర్నేస్ దగ్గర పనిచేసి పొద్దున్నే ఇంటికొచ్చి, నాలుగిడ్లీలు తిని పడుకుంటాడు. కాలింగ్ బెల్ వైరు పీకేసి ఉంటుంది. పాలవాడు తలుపు తట్టడు, కిటికీ దగ్గర నిలబడి చెయ్యి ఊపుతాడు. మిక్సీకి సెలవు. అంట్లు తోమేటప్పుడు గౌరీశ్వరి సింకులో గుడ్డ పరుస్తుంది. అత్తగారు జోగమ్మ టీవీ సౌండు తీసేసి సీరియల్ చూస్తుంది. ఆ మూగబొమ్మల్లో ఎవరు ఎవరిమీద పగబట్టారో ఆవిడకు బాగానే తెలిసిపోతుంది.

ఇదంతా ఊరికే కాదు. నిద్ర చాలని మనిషి నిప్పు దగ్గర తూలితే ఏమవుతుందో ఆ సెక్టార్‌లో ఆడవాళ్ళందరికీ తెలుసు. "ఆడు నిద్ర సాలక కాలు జారినాడనుకో, మన బతుకులేటవుతాయే?" అంటుంది జోగమ్మ. మాట నిజమే. నిజమైన మాటలతో వచ్చిన చిక్కే అది, వాటి వెనక ఎన్ని దాచినా ఎవరూ అడగరు.

ఒకసారి విజిల్ వచ్చింది. కన్నబాబు గది తలుపు తీసుకుని బయటికొచ్చాడు. ఎవరినీ ఏమీ అనలేదు. పొగలు కక్కుతున్న కుక్కర్‌ను పప్పుతో సహా తీసుకెళ్ళి గేటు బయట, రోడ్డు మీద పెట్టి, మళ్ళీ వెళ్ళి పడుకున్నాడు. ఆ తర్వాత ఆ వారమంతా ప్లాంటు క్యాంటీన్‌లో తిన్నాడు. భార్యతో చెప్పాల్సింది తల్లితో చెప్పాడు, తల్లి వచ్చి కోడలికి చెప్పింది. కన్నబాబు చెయ్యెత్తే మనిషి కాదని చుట్టుపక్కల అందరూ చెబుతారు, అదీ నిజమే. కొడితే ఇదిగో ఇక్కడ కొట్టాడని చూపించవచ్చు. గడియ తీసిన చప్పుడుకే చేతిలో పని ఆగిపోతోందంటే ఏది చూపించాలి? పైగా అమ్మే అంటుంది, బంగారంలాంటి మొగుడు, నీకు తిన్నది అరక్క భయం పట్టుకుంది అని.

చదువుకు ఒప్పుకుంది కూడా ఆ బంగారంలాంటి మొగుడే. పెళ్ళికి ముందు నర్సీపట్నంలో డిగ్రీ అయింది. ఇన్నేళ్ళ తర్వాత గాజువాక వైపు ఉన్న కాలేజీలో ఎమ్మే ఇంగ్లీషు చేస్తానంటే కన్నబాబు కాసేపు ఆలోచించి, ఇంగ్లీషు టీచరంటే ఏ స్కూల్లోనైనా తీసుకుంటారు, చేరు అన్నాడు. ఒకటే షరతు పెట్టాడు. "నీ సదువు మూలాన ఇంట్లో ఏటైనా తేడా వచ్చిందనుకో, ఆ రోజే ఆపేద్దాం." గొంతు పెంచకుండా, ఇడ్లీ చట్నీలో ముంచుకుంటూ అన్నాడు. మొదటి ఏడాది పూర్తి కావస్తున్నా తేడా రాలేదు. రాకుండా ఉండడానికి ఆమె తెల్లవారకముందే లేచి వంట చేసి, సి షిఫ్టు వారాల్లో చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దాటి, వీధి మలుపులో వేసుకునేది.

క్లాసులో పిల్లలు మొదట ఆంటీ అన్నారు, తర్వాత అక్కా అన్నారు. నీలిమ మేడమ్ వారానికోసారి రాయడం నేర్పేది. పుస్తకాల్లోవాళ్ళ కష్టాలు చాలు, ఈసారి మీ ఇంట్లో ఒక గది గురించి రాసుకురండి అంది. గౌరీశ్వరి ముందు తెలుగులో ఆలోచించుకుని తర్వాత ఇంగ్లీషులో పెడదామనుకుంది. తెలుగులో ఒక్క వాక్యం కదల్లేదు. ఏ మాట పట్టుకున్నా దానిలో అత్తగారి గొంతో, అమ్మ గొంతో వినిపించింది. తిన్నగా ఇంగ్లీషులో మొదలుపెట్టేసరికి చెయ్యి ఆగలేదు. ఆ భాషలో ఆమెను ఎవరూ ఎప్పుడూ తిట్టలేదు. ఆ భాషలో ఆమెకు అత్తగారు లేదు, పుట్టిల్లు లేదు. ఒక ఊళ్ళో ఒక ఆడమనిషి, ఒక మగమనిషి, ఒక పిల్ల అని రాసుకుంటూ పోయింది. ఆ ఆడమనిషి ఎవరో పరాయిది, ఆమె గురించి ఎంతైనా చెప్పవచ్చు.

రాసింది మొన్నటి వానాకాలం సంగతి. కూతురు, పదేళ్ళ శ్రీసత్య పెరటి మెట్ల మీద నాచుకు జారి గడ్డం పగలగొట్టుకుంది. వంటింట్లో ఉన్న గౌరీశ్వరి వెనక్కి తిరిగేసరికి పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. రెండు చేతులూ నోటికి అడ్డంగా అదిమిపెట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి రక్తం, కళ్ళలోంచి ధారలుగా నీళ్ళు, గొంతులోంచి చప్పుడు మాత్రం లేదు. లోపలి గదిలో నాన్న నిద్రపోతున్నాడు. తల్లి కూడా కేక వెయ్యలేదు. పిల్లను ఎత్తుకుని, చెప్పులు పట్టుకుని, ఆ గది ముందునుంచే మునివేళ్ళ మీద నడిచి వెళ్ళింది. ఆసుపత్రిలో కుట్లు వేస్తున్నప్పుడు కూడా శ్రీసత్య కిక్కురుమనలేదు. ఎంత గట్టి పిల్లమ్మా అని నర్సు మెచ్చుకుంది. అప్పుడు, ఆ మెచ్చుకోలు విన్నప్పుడు, గౌరీశ్వరికి కొత్త భయం పట్టుకుంది. అంతకుముందు భయమంటే మొగుడి గది తలుపు. ఇది అది కాదు. తను ఇన్నేళ్ళుగా నేర్చుకున్న విద్య చెప్పకుండానే పిల్లకు వచ్చేసింది. సాయంత్రం లేచాక కన్నబాబు కట్టు చూసి కంగారుపడ్డాడు, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. "నన్ను లేపకుండా పోయొచ్చినారు, మంచి పని సేసినారు," అన్నాడు.

నీలిమ మేడమ్ దాన్ని రెండుసార్లు చదివింది. ఆనక, కాలేజీలో సంవత్సరం చివర సభ పెడతాం, ఎవరు రాసింది వాళ్ళే చదువుతారు, ఇంటివాళ్ళను కూడా పిలుస్తాం, మీరూ చదవాలి అంది. గౌరీశ్వరి సరే అంది. ఇంట్లో ఏం రాశావని అడిగితే, డ్యూటీ నుంచి వచ్చినవాళ్ళ నిద్ర గురించి అని చెప్పింది. అబద్ధం కాదుగా. కన్నబాబు రాడనే ధైర్యం కొంత, ఆ వారం అతనికి డ్యూటీ. కానీ ఆ మాట విన్న కన్నబాబు మొహం విప్పారింది. షిఫ్టు మార్చుకున్నాడు. ప్లాంటులో పక్క సెక్షన్‌లో పనిచేసే గవర్రాజును కూడా బయలుదేరదీశాడు. "నా నిద్ర మీద రాసింది బావా, ఇంగ్లీసులో," అని ఫోన్లో చెబుతుంటే ఆమె వంటింట్లోంచి వింది. కోప్పడే మనిషి దగ్గర దాక్కోవడం ఆమెకు అలవాటే. సంబరపడే మనిషి దగ్గర ఎలా దాక్కోవాలో తెలియలేదు.

సభలో ముందు వరసలోనే కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కాలో కన్నబాబు, పక్కన గవర్రాజు, పట్టుచీర కట్టుకున్న జోగమ్మ, చివర శ్రీసత్య. పేరు పిలవగానే గౌరీశ్వరి కాగితాలు తీసుకుని వేదిక ఎక్కింది. కన్నబాబు ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు. ప్లాంటులో అందరికీ చూపించాలి కదా. అతనికి ఆఫీసు కాగితాలు చదువుకునేపాటి ఇంగ్లీషు వచ్చు. అందుకని ఆమె గబగబా చదివింది, ఏ మాటా అతని చెవిలో నిలవకుండా, రక్తం అన్న చోట మరీ పరుగెత్తి. వెనక వరసల్లో తన క్లాసు పిల్లలు కదలకుండా వింటున్నారు. నీలిమ మేడమ్ కళ్ళద్దాలు తీసింది. చదవడం అయిపోయింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది కన్నబాబే. ఆ చప్పట్లు వింటుంటే గండం గడిచిందని ఆమె ప్రాణం కుదుటపడింది, వెంటనే తనమీద తనకే రోత పుట్టింది. మెట్లు దిగబోతుండగా అతను లేచి నిలబడ్డాడు.

"మేడమ్ గారూ, ఒక్క మాటండి. మా యమ్మకి ఇంగ్లీసు రాదు. ఆవిడి కోసం తెలుగులో కూడా ఓసారి సెప్పమనండి. మా ఇంటిదే కదండీ రాసింది, సెప్తాది."

హాలంతా నవ్వింది, మంచి నవ్వే. నీలిమ మేడమ్ నవ్వలేదు. ఆవిడ గౌరీశ్వరి వైపు చూసి, ఇంకా చాలామంది చదవాలి, ఇంటికెళ్ళాక చెబుతారులెండి, అంది. తప్పించుకోవడానికి తలుపు అలా ఓరగా తెరిచిపెట్టింది. అది కాక గౌరీశ్వరి నాలుక మీద ఇంకో దారి కూడా సిద్ధంగా ఉంది. రాత్రంతా నిప్పుతో పనిచేసి వచ్చిన మనిషి నిద్రకు ఇల్లంతా కాపలా కాస్తుంది అని నాలుగు మాటలు చెబితే చాలు. అత్తగారు పమిటతో కళ్ళొత్తుకుంటుంది. కన్నబాబు ఆ వీడియో ఏడాదిపాటు అందరికీ చూపిస్తాడు. చదువు రెండో ఏడాదికి దాటుతుంది. నిజం చెబితే ఇంతమంది ముందు, గవర్రాజు ముందు, ఆ ఫోన్లో, అతని పరువు ఏమవుతుంది? ఇంటికెళ్ళాక అతను ఏమీ అనడు. ఏమీ అనకపోవడం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. మెల్లిగా ఒక మెట్టు దిగింది.

అప్పుడు చూసింది శ్రీసత్యను. పిల్లకు దగ్గు వస్తోంది. చుట్టూ అంత గోల, వెనక ఎవరో ఈలలు కూడా వేస్తున్నారు, ఆ హాల్లో నిద్రపోతున్నవాళ్ళు ఎవరూ లేరు. అయినా శ్రీసత్య పెదాలు బిగించి, మొహం ఎర్రబడేలా, భుజాలు అదురుతుండగా, ఆ దగ్గును లోపలికి మింగుతోంది. జోగమ్మ చూడలేదు. కన్నబాబు ఫోన్ సరిచేసుకుంటున్నాడు. మింగడం అయ్యాక పిల్ల తల్లి వైపు చూసి, నేను చప్పుడు చెయ్యలేదు చూశావా అన్నట్టు నవ్వింది.

గౌరీశ్వరి మళ్ళీ మైకు దగ్గరికి వెళ్ళింది. కన్నబాబు ఫోన్ ఇంకాస్త పైకెత్తి, మొదలెట్టమన్నట్టు తలాడించాడు. ఆమె అత్తగారి వైపు తిరిగింది.

"అత్తా, నీకు అర్థమయ్యేటట్టే సెప్తాను. ఇంగ్లీసులో నాను ఒక ఊళ్ళో ఒక ఆడది, ఆవిడికో పిల్ల అని రాసినాను. అది భయపడి రాసినాను. ఆ ఊరు మన ఉక్కునగరమే. ఆ ఆడది నాను. రక్తం కారతన్నా నోరు మూసుకుని నిలబడిన ఆ పిల్ల మన సత్య."