బిస్కెట్ డబ్బాలో ఫోన్లు

మా ముగ్గురిలో ఒక్కడికి కూడా బంతిని తిన్నగా తన్నడం రాదు. అయినా మేం ఫుట్‌బాల్ గురించి మొదలుపెడితే కోచ్‌లైనా నోరు మూసుకుని వినాల్సిందే. మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. మేం బన్ను అని పిలిచేవాడికి బేకరీ ఉంది, ఒళ్ళు కూడా ఆ పేరుకు తగ్గట్టే ఉంటుంది. నేను కాలిపోయిన మోటార్లకి కొత్త తీగ చుట్టి బతుకుతాను. లీగులో ఆడే పన్నెండు జట్ల స్టేడియాలూ చూసి తీరాలని ఆరేళ్ళ కిందట పంతం పట్టాం. ఏడాదికి ఒకటో రెండో. అంతకు మించితే ఇంట్లోవాళ్ళు ఊరుకోరు, ఊరుకోకపోవడం న్యాయమే.

మూడో స్టేడియంలో మాకు గట్టి బుద్ధి వచ్చింది. ఆ రోజు మ్యాచ్ మొత్తానికి ఒకే ఒక్క గోల్ పడింది. అది పడ్డప్పుడు మాస్టారు హెడ్మాస్టర్ పంపిన మెసేజ్ చదువుతున్నాడు. నేను ఫోటో తీసుకుంటున్నాను. బన్ను వాళ్ళక్కకి ఫోన్ చేసి "ఏమీ జరగడం లేదక్కా, చప్పగా ఉంది" అని చెబుతున్నాడు. "ఏమీ జరగకపోతే ఆ అరుపులేంట్రా?" అంది ఆవిడ. ఆరు గంటలు ప్రయాణం చేసి వెళ్ళి గోల్ చూడని వెధవలం మేమే అయి ఉంటాం.

అప్పుడు పెట్టుకున్న కట్టుబాటే ఈ డబ్బా. బన్ను కొట్లోంచి తెచ్చిన రేకు బిస్కెట్ డబ్బాలో మూడు ఫోన్లూ పడెయ్యాలి. దాన్ని కారు డిక్కీలో పెట్టి తాళం వెయ్యాలి. వంతు ఎవరిదైతే వాడు ఫోన్లు ఆపి, తాళంచెవి జేబులో వేసుకుంటాడు. మ్యాచ్ అయ్యాక ముగ్గురం కారు దగ్గరికి చేరితేగాని మూత తియ్యకూడదు. మాస్టారికి కూతురు పుట్టిన రోజు కూడా తియ్యలేదు. అంత మొండి జనం.

అక్క సంగతి చెప్పాలి. తల్లి పోయేనాటికి బన్నుకి ఆరేళ్ళు, ఆవిడకి పద్దెనిమిది. వాణ్ని పెంచింది, బడికి పంపింది, బేకరీ పెట్టించింది. వాడికి బంతాట పిచ్చి అంటించింది కూడా ఆవిడే. ప్రతి మ్యాచ్ అయ్యాక కారు దగ్గర డబ్బా తెరిచీ తెరవగానే వాడు అక్కకి ఫోన్ చేస్తాడు, మొదటి నిమిషం నుంచీ చెప్పుకొస్తాడు. అంతా విని ఆవిడ ఎప్పుడూ ఒకటే అడుగుతుంది: "కొట్టినవాడి సంగతి సరేరా, బంతి ఎవరిచ్చారు?" ఆ ప్రశ్న భయానికి వాడు గోల్ కొట్టేవాణ్ని చూడడం మానేసి, బంతి అందించేవాణ్ని చూడడం నేర్చుకున్నాడు.

తొమ్మిదో స్టేడియానికి టికెట్లు కొన్నాక ఆవిడకి గుండె ఆపరేషన్ అయింది. బన్ను రానన్నాడు. మేం కూడా మానేద్దామనే అన్నాం. ఆవిడే ఒప్పుకోలేదు. బాగానే కోలుకుంటోందని డాక్టర్ అన్నాడు. "నా మంచం పక్కన కూర్చుని నువ్వు చేసేదేముంది, నర్సుల దారికి అడ్డం తప్ప. వెళ్ళిరా. ఫోన్ చెయ్యి" అంది. కూతురు తోడుంది కదా అని బయలుదేరాం.

డబ్బా వంతు నాది.

మేం చేరేసరికి రెండున్నర దాటింది, మ్యాచ్ మూడింటికి. పార్కింగ్‌లో కుర్చీ వేసుకున్న పెద్దమనిషి చెయ్యి ఊపి మా కారుని గోడ వారగా పెట్టించాడు. గేటు దగ్గర వరుస పొడుగ్గా ఉంది. ఫోన్లు నా చేతిలో పెట్టి వాళ్ళిద్దరూ వరుసలో నిలబడడానికి ముందు నడిచారు. నాది ఆపాను, మాస్టారిది ఆపాను. బన్ను ఫోన్ ఆపబోతుంటే చేతిలో కదిలింది. వాడి ఫోన్‌కి తాళం ఉండదు. నీ దగ్గర దాచేదేముందిరా అంటాడు. మేనకోడలి మెసేజ్. నొక్కి చదివాను.

"మావయ్యా, అమ్మకి ఉన్నట్టుండి తిరగబెట్టింది. ఐసీయూలోకి మార్చారు. నిన్నే అడుగుతోంది. వెంటనే బయలుదేరు."

కారు తియ్యాలి అనుకుని వెనక్కి తిరిగేసరికి, మా వెనక ఒక బస్సు ఆగి ఉంది. దాని వెనక ఇంకో రెండు. డ్రైవర్లు ముగ్గురూ జట్టు చొక్కాలు తొడుక్కుని అప్పటికే జనంలో కలిసిపోయారు. పార్కింగ్ పెద్దమనిషి దగ్గరికి పరుగెత్తాను. ఆయన జాలిగానే చూశాడుగాని, మ్యాచ్ అయ్యేదాకా ఒక్క చక్రం కూడా కదలదని చెప్పాడు. టాక్సీలనీ అటువైపు రానివ్వడం లేదట, రోడ్డు ఐదు గంటల దాకా మూసేశారట.

మళ్ళీ కారు దగ్గరికి వచ్చాను. బన్ను ఫోన్ ఆపాను. ఆ పూట ఫోన్లు ఆపడం నా పని, చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. డబ్బాలో పెట్టాను, మూత నొక్కాను, డిక్కీ తాళం వేశాను.

గేటు వైపు నడుస్తూ ఆలోచించాను. ఇప్పుడు చెబితే వాడు చేసేదేముంది? రెండు గంటలు బస్సు ముందు నిలబడి కుమిలిపోతాడు. మ్యాచ్ అవగానే చెబితే అప్పుడే బయలుదేరతాం, చేరేది ఎలాగూ ఒకే వేళకి. ఆ రెండు గంటల మంటైనా వాడికి తప్పిద్దాం అనుకున్నాను. కాలిన మోటారు ముందు చక్కగా పనిచేసే బుర్ర నాది. ఆ వేళ కూడా చక్కగానే పనిచేస్తోందనుకున్నాను.

సీట్లలో బన్ను మధ్యన కూర్చున్నాడు. పచ్చిక అంత పచ్చగా ఎక్కడా చూడలేదన్నాడు. ఆట మొదలైంది. నేను చూసింది గడియారం. పెద్ద తెర మీద నిమిషాలు పన్నెండు, పదమూడు అని మారుతుంటే, అంత నెమ్మదిగా మారే గడియారం ఎవడు తయారుచేశాడా అని తిట్టుకున్నాను. వాడు నా తొడ మీద చరుస్తున్నాడు, నవ్వుతున్నాడు. కక్కలేను, మింగలేను. మాస్టారు ఒకసారి నా మొహం చూసి కడుపులో బాలేదా అని అడిగాడు. అవునన్నాను.

విరామంలో గార్డు దగ్గరికి పోయి, అడ్డంగా ఉన్న బస్సు నంబరు చెప్పి, మైకులో పిలిపించమని బతిమాలాను. ఆయన మంచివాడు, పిలిపించాడు. జనం గోలలో ఒక్కసారి వినపడీ వినపడనట్టు వినపడింది. నేను సీటుకి తిరిగొచ్చేసరికి బన్ను నవ్వుతున్నాడు. "ఎవడో బస్సు అడ్డం పెట్టి వచ్చాడట. ఎవడి కారు ఇరుక్కుపోయిందో పాపం" అన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. "ఇవాళ అక్కకి చెప్పడానికి బోలెడుంది రా" అన్నాడు వాడు. నోరు మూసుకున్నాను. డ్రైవర్ రాలేదు.

డెబ్బై నాలుగో నిమిషంలో గోల్ పడింది. స్టేడియం అంతా లేచింది, నేనూ లేచాను. బన్ను నా భుజాలు పట్టుకుని ఊపేస్తూ, బంతి ఎవరిచ్చారో చూశావా, చూశావా అని అడిగాడు. చూశానని తల ఊపాను.

మ్యాచ్ అయ్యాక కారు దగ్గరికి నేను దాదాపు పరుగెత్తాను. వాళ్ళు నవ్వుతూ వెనక వచ్చారు. మాస్టారు కూడా వచ్చి నిలబడ్డాకే డిక్కీ తెరిచాను. చూడండి, అప్పుడు కూడా కట్టుబాటు తప్పలేదు. చెప్పాలనుకున్న మాటలు వరసగా పెట్టుకునే లోపే బన్ను తన ఫోన్ లాక్కుని ఆన్ చేశాడు. రాకుండా పోయిన కాల్స్ పద్నాలుగు. వాడి మొహం మారింది. మేనకోడలికి చేశాడు. ఆ అమ్మాయి గొంతు మా ఇద్దరికీ కూడా వినపడింది.

"అయిపోయింది మావయ్యా. ఇరవై నిమిషాలైంది."

ఆ పిల్ల చెప్పుకుపోయింది. "నువ్వు మెసేజ్ చదివినట్టు ఇక్కడ గుర్తు పడింది. మావయ్య చూశాడమ్మా, ఇప్పుడు చేస్తాడని అమ్మకి చెప్పాను. అప్పుడు మాట బాగానే ఉంది. నువ్వు చేస్తావని నా ఫోన్ తన చేతిలోంచి తియ్యనివ్వలేదు. నీకు చెయ్యడానికి నేను నర్సమ్మ ఫోన్ తీసుకోవాల్సి వచ్చింది. మ్యాచ్ ఉంది కదే, అయ్యాక చేస్తాడులే అంది."

బన్ను ఫోన్ దించాడు. మెసేజ్ తీసి చూశాడు, దాని కింద టైము చూశాడు. తర్వాత నా చేతిలో తాళంచెవి చూశాడు.

అంతా చెప్పాను. బస్సులు చూపించాను, పార్కింగ్ పెద్దమనిషిని చూపించాను. "దారి లేదురా. ఎంత బతిమాలినా దారి లేదు. బస్సు నంబరు మైకులో పిలిపించింది నేనే" అన్నాను.

వాడు అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"కారుకి దారి లేదు, సరే. ఫోన్‌కి ఏం అడ్డమొచ్చిందిరా?"

ఒట్టేసి చెబుతున్నాను, ఆ క్షణం దాకా ఆ ఆలోచన నాకు రాలేదు. వెంటనే బయలుదేరు అని ఉంటే నాకు రోడ్డు కనపడింది, బస్సులు కనపడ్డాయి. చేతిలో ఉన్నది కనపడలేదు. డబ్బాలో పడ్డ ఫోను మ్యాచ్ అయ్యేదాకా ఫోనే కాదని నాలుగేళ్ళుగా నన్ను నేనే నమ్మించుకున్నాను. డబ్బా మూత నొక్కకుండా వాడి వెనక ముప్పై అడుగులు పరుగెత్తి ఉంటే అక్కా తమ్ముడూ మాట్లాడుకునేవాళ్ళు.

బస్సులు ఒక్కొక్కటే కదిలాయి. మాస్టారు నన్ను నడపనివ్వలేదు, తనే కూర్చున్నాడు. బన్ను వెనక సీట్లో, నేను పక్కన. ఖాళీ డబ్బా ఎక్కడ పెట్టాలో తెలీక ఒళ్ళో పెట్టుకున్నాను. పొద్దు గుంకుతుండగా బన్ను ముందుకి వంగాడు.

"ఆ గోల్‌కి బంతి ఎవరిచ్చార్రా? ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు."

మాస్టారు అద్దంలోంచి వాణ్ని చూశాడు, మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు. ఆయనకి తెలిసే ఉంటుంది. కానీ వాడు అడిగింది నన్ను.

"నువ్వు చూశానన్నావుగా" అన్నాడు.

"చూడలేదురా" అన్నాను.