స్టీలు వాల్వు కింద సంతకం

సింకు గొట్టంలో ఇరుక్కున్న జిడ్డు ముద్దను ఆమె వేలితో లాగుతుంటే వెనక నుంచి అత్తగారు, "ఫ్యాక్టరీలో నువ్వు చేసేదీ ఇదేగా, గొట్టాలకు మూతలు చూడ్డం" అన్నారు. భర్త పేపరు దించకుండానే నవ్వాడు. పదకొండేళ్లుగా ఆ నవ్వుతో పాటు ఆమె కూడా నవ్వేది. ఆ ఉదయం మాత్రం నవ్వకుండా గొట్టంలోకి మళ్లీ వేలు దూర్చింది.

ఫ్యాక్టరీలో ఇంజినీరుగా ఆమె ఎంపిక చేసేది మూతలు కాదు. యాసిడ్ ట్యాంకులో ఒత్తిడి హద్దు దాటితే దానంతటదే తెరుచుకోవాల్సిన రిలీఫ్ వాల్వు. అది మొరాయిస్తే ట్యాంకు పగిలి యాసిడ్ కింద పనిచేసేవాళ్ల మీద పడుతుంది. పోయిన నెల పాత వాల్వు విప్పితే లోపలంతా పుచ్చిన పన్నులా ఉంది; స్ప్రింగు పట్టుకోగానే పొడిపొడిగా రాలింది. యాసిడ్ ట్యాంకు పైనున్న వాల్వు దాకా రాదు కదా, స్టీలుదే చాలన్నాడు మేనేజరు. ఆవిరి వస్తుందని, దాని ముందు స్టీలు ఆగదని, లోపల యాసిడ్ తినలేని టెఫ్లాన్ పొర ఉన్నదే కావాలని ఆమె రెండు వారాలు కూర్చుని రాసిచ్చింది. మీటింగులో ఆమె ఆ సంగతి వివరిస్తుండగానే, కాస్త అందరికీ టీ పోయమన్నారు. పోసింది కూడా.

ఆ రోజే స్టోరులో కొత్త వాల్వు పెట్టె తెరిచారు. తళతళలాడే స్టీలు. వెంట ఉన్న కాగితంలో ఆమె టెఫ్లాన్ అని రాసింది కొట్టేసి, స్టీలు అని ఉంది. కింద ఆమె సంతకం, ఆమె పెట్టనిది. చివరి అక్షరానికి ఆ వంకర తోక చూడగానే పోల్చుకుంది. పిల్లల స్కూలు ఫారాల మీద, రెండో కాన్పప్పుడు తను మత్తులో ఉండగా ఇక పిల్లలు వద్దని చేయించిన ఆపరేషను కాగితం మీద, ఆమె బదులు భర్త పెట్టిన సంతకానికి అదే తోక.

భర్తది అదే ఫ్యాక్టరీలో కొనుగోళ్ల విభాగం. ఆమె వెళ్లేసరికి భోంచేస్తున్నాడు.

"నువ్వడిగింది రావాలంటే మూడు నెలలట. మేనేజరు ప్రాణం తీస్తున్నాడు. నీ సంతకం నేను పెట్టడం కొత్తా ఏమిటి?" అని మూతి తుడుచుకుని, ఎంగిలి డబ్బా ఆమె వైపు నెట్టాడు. "ఇది కడిగి పెట్టు, సాయంత్రానికి కంపు కొడుతుంది."

ఆమె డబ్బాను ముట్టుకోలేదు. కాగితం పట్టుకుని తిన్నగా సేఫ్టీ అధికారి గదికి నడిచింది.

"ఈ స్టీలు వాల్వుతో ట్యాంకు నింపడం ఆపించండి. ఈ సంతకం నాది కాదు."

ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. "మరి ఎవరిదమ్మా?"

ఇంటిపేరుతో సహా, తన భర్త పేరు ఒక్కో అక్షరం చెప్పి రాయించింది.